తెల్ల ఇసుక గాజుకు, రంగు ఇసుక బొమ్మకు

గాజు తయారుచేసేవాడికి ఇనుముతో పడదు. ఇసుకలో ఇనుము పాలు కాస్త ఎక్కువైతే చాలు, గాజు పచ్చబారుతుంది. కిటికీ అద్దాన్ని అంచు వైపు నుంచి చూస్తే కనిపించే ఆకుపచ్చ ఛాయ ఇనుముదే. అందుకే గాజు కొలిమివాళ్లు ఎక్కడున్నా తెల్లటి ఇసుక కోసం వెతికారు. ఎర్రది, పసుపుపచ్చది, గోధుమరంగుది ఎదురైతే వదిలేశారు. అలా వదిలేసిన రంగుల ఇసుకను ఏరి తెచ్చి, తెల్ల ఇసుకతో తయారైన సీసాల్లోనే పేర్చి, బొమ్మలు చేసి, పేర్లు రాసి, ఒకరికొకరు ఇచ్చుకునే కానుకలుగా మార్చినవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఒకరిద్దరివి మిగిలాయి.

ఇంగ్లండుకు దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి ఉంది. దాని పడమటి కొసన, సముద్రంలోకి వరసగా పొడుచుకొచ్చిన నీడిల్స్ అనే తెల్లటి రాళ్ల పక్కనే ఆలమ్ బే అనే చిన్న అఖాతం. అక్కడి కొండచరియ ఒక వింత. కోట్ల ఏళ్ల కిందట ఒకదాని మీద ఒకటి పరుచుకున్న ఇసుక, బంకమట్టి పొరలు భూగర్భంలోని ఒత్తిడికి ముడుచుకుని దాదాపు నిట్టనిలువుగా లేచి నిలబడ్డాయి. పడుకుని ఉండాల్సిన పొరలు పక్కపక్కన నిలువు చారల్లా కనిపిస్తాయి. తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, గోధుమ, బూడిద రంగులు ఒకే చరియలో ఉంటాయి. 18వ శతాబ్దంలో ఇక్కడి తెల్ల ఇసుకను తవ్వి, పడవల్లో లండన్, బ్రిస్టల్ లాంటి ఊళ్ల గాజు కొలిములకు పంపేవారు. మిగతా రంగులు ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నవాళ్లు వేరే దారిలో వచ్చారు. ఆ రోజుల్లో ఇంగ్లండు, జర్మనీ పెద్దింటి విందుల్లో భోజనాల బల్లను అలంకరించడానికి ప్రత్యేకంగా పనివాళ్లుండేవారు. రంగుల పంచదార పొడితో, ఇసుకతో, చలువరాతి పొడితో బల్ల మీద పూలు, పక్షులు, తోటలు గీసేవారు. అతిథులు వచ్చి చూసి మెచ్చుకునేవారు. విందు అయ్యాక సేవకులు అంతా ఊడ్చేసేవారు. తెల్లారి వాకిట్లో వేసి, సాయంత్రానికి చెరిగిపోతుందని తెలిసే వేసే ముగ్గుకు ఆ బల్ల మీది బొమ్మ దూరపు చుట్టం. తేడా ఏమిటంటే, మన వాకిట్లో ముగ్గు వేసేది ఇంటి ఆడవాళ్లు. అక్కడ బల్ల మీద వేసేది జీతానికి కుదిరిన పనివాడు.

అలాంటి పనివాళ్లలో ఒకడు బెంజమిన్ జోబెల్. 1762లో జర్మనీలోని మెమ్మింగెన్‌లో పుట్టాడు. మిఠాయి పని నేర్చుకుని ఇంగ్లండు వచ్చి, మూడో జార్జి రాజు ఉన్న విండ్సర్ కోటలో పనికి కుదిరాడు. ఇంత మంచి బొమ్మ పొద్దుటికి ఉండదే అని రాజే ఒకసారి బాధపడ్డాడని, అప్పటినుంచి జోబెల్ ఇసుకను జిగురుతో పలక మీద నిలిపే పద్ధతి కనిపెట్టే పనిలో పడ్డాడని ఒక కథ చెబుతారు. కథ నిజమైనా కాకపోయినా, అతను జిగురు పూసిన పలక మీద ఇసుక చల్లి తయారుచేసిన బొమ్మలు ఈనాటికీ ఉన్నాయి. ఆ కళకు మార్మోటింటో అనే పేరు పడింది. ఐల్ ఆఫ్ వైట్‌లో దొరికే రంగుల ఇసుక ఆ కళకు సరిగ్గా సరిపోయింది. దీవిలోని చేతిపనివాళ్లు చిన్న చిన్న ఇసుక చిత్రాలు చేసి యాత్రికులకు అమ్మడం మొదలుపెట్టారు.

జిగురు లేకుండా ఇసుకను నిలపాలంటే దానికి నాలుగు వైపులా గోడ కావాలి. లోపలిది బయటికి కనిపించాలంటే ఆ గోడ గాజుదై ఉండాలి. ఇక్కడే సీసా ప్రవేశించింది. బ్రిటన్‌లో అప్పటికి దాదాపు నూరేళ్లుగా గాజు మీద పన్ను ఉండేది. బరువును బట్టి వేసే ఆ పన్ను వల్ల గాజు ఖరీదైన వస్తువైంది. 1845లో రాబర్ట్ పీల్ ప్రభుత్వం ఆ పన్నును ఎత్తేసింది. ఆరేళ్లు తిరిగేసరికి లండన్‌లో ఇనుము, గాజుతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ లేచింది. సీసాలు, గాజు గంటలు, బుడ్లు సామాన్యుడి చేతికి అందే ధరకు వచ్చాయి. విక్టోరియా రాణి వేసవి విడిది ఆస్‌బోర్న్ హౌస్ కూడా ఇదే దీవిలో ఉండటంతో యాత్రికుల రాక పెరిగింది. ఆవిరి నావల్లో వచ్చి, ఆలమ్ బే చరియ చూసి, రంగురంగుల పొరలు నింపిన చిన్న సీసా ఒకటి కొనుక్కుని వెళ్లడం ఆనవాయితీ అయింది. పొర మీద పొర పోసి, గాజు వెంబడి సన్నటి తీగతో అక్కడక్కడ గుచ్చితే పై రంగు కింది రంగులోకి దిగి కొండల్లా, అలల్లా కనిపిస్తుంది. అంతకంటే పెద్ద పనితనం వాటిలో ఉండేది కాదు. బంధువులకు ఇవ్వడానికి అది చాలు.

ఆ పనిని కళగా మార్చినవాడు అట్లాంటిక్‌కు అవతల, సముద్రానికి బహుదూరంగా ఉన్న ఒక నదీతీరపు ఊళ్లో పెరిగాడు.

ఆండ్రూ క్లెమెన్స్ 1857 జనవరిలో అమెరికాలోని అయోవా రాష్ట్రం డబ్యూక్‌లో పుట్టాడు. తండ్రి బండ్లు తయారుచేసే పనివాడు, జర్మన్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాడు. ఆండ్రూ పసివాడుగా ఉండగానే కుటుంబం మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మెక్‌గ్రెగర్‌కు మారింది. అది అప్పట్లో సందడిగా ఉండే రేవు. పడమటి మైదానాల్లో పండిన గోధుమలు బండ్ల మీద అక్కడికి చేరి, నది దాటి తూర్పుకు వెళ్లేవి. బండ్లు ఎన్ని ఉంటే వాటిని తయారుచేసేవాళ్లకు, గుర్రాల జీనులు కుట్టేవాళ్లకు అంత పని. ఆ జీనులు కుట్టేవాళ్లలో ఒకడు ఆగస్ట్ రింగ్లింగ్. అతని కొడుకులే తర్వాత అమెరికా అంతటా పేరుమోసిన రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ పెట్టారు. 1860 నుంచి 1872 దాకా ఆ కుటుంబం మెక్‌గ్రెగర్‌లోనే ఉంది. చిన్న ఊరే అయినా ఒకే తరంలో రెండు రకాల అద్భుతాలు చేసే పిల్లలు అక్కడ పెరిగారు.

ఆండ్రూకు అయిదేళ్ల వయసులో మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గాని వినికిడి పోయింది. దాంతోపాటు మాట కూడా చాలావరకు పోయింది. పదమూడో ఏట బధిరుల కోసం రాష్ట్రం నడిపే పాఠశాలలో చేర్చారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఊరికి దక్షిణాన మైలు దూరంలో ఉన్న పిక్చర్డ్ రాక్స్ అనే లోయకు వెళ్లి ఇసుక తెచ్చుకునేవాడు. 1877లో బడి భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఇరవై ఏళ్ల ఆండ్రూ ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత ఇసుక సీసాలే అతనికి బతుకుతెరువు అయ్యాయి.

ఆ ఇసుక గురించి కొంచెం నిలబడి చెప్పుకోవాలి. పిక్చర్డ్ రాక్స్‌లోని రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు సెయింట్ పీటర్ ఇసుకరాయి అంటారు. దాదాపు 45 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతమంతా లోతులేని సముద్రంగా ఉన్నప్పుడు పరుచుకున్న ఇసుక అది. అలలకు, గాలికి అరిగి అరిగి దాని రేణువులు గుండ్రంగా, దాదాపు ఒకే పరిమాణంలో తయారయ్యాయి. అందులో అధిక భాగం స్వచ్ఛమైన సిలికా. అందుకే అమెరికా మధ్య ప్రాంతాల్లో గాజు పరిశ్రమకు ఇసుక ఎక్కువగా ఈ పొర నుంచే వచ్చింది. ఇలినాయ్ రాష్ట్రంలోని ఒట్టావాలోనూ, మెక్‌గ్రెగర్‌కు కొద్ది దూరంలోనే ఉన్న క్లేటన్‌లోనూ ఆ తెల్ల ఇసుక గనులు తవ్వారు. కానీ పిక్చర్డ్ రాక్స్‌లో భూగర్భ జలాలతో వచ్చిన ఇనుము, ఇతర ఖనిజాలు ఆ తెల్లటి రేణువుల చుట్టూ పూతలా పట్టాయి. ఎరుపు, గులాబీ, పసుపు, నారింజ, గోధుమ, ఇంకా వాటి మధ్య ఎన్నో ఛాయలు ఏర్పడ్డాయి. గాజు కొలిమికి ఆ రంగులు పనికిరావు. ఆండ్రూకు కావలసినవి అవే. రేణువులన్నీ సమంగా ఉండటం వల్ల ఒత్తి పేరిస్తే కదలకుండా నిలబడతాయి. ఆలమ్ బేలో జరిగిందే ఇక్కడా జరిగింది. తెలుపు గాజుకు వెళ్లింది, రంగు బొమ్మకు వెళ్లింది.

అతను రంగు వేసిన ఇసుక వాడలేదు. చరియలో దొరికిన రాయిని మెత్తగా నూరి, జల్లించి, ఛాయల వారీగా వేరుచేసుకునేవాడు. సీసాలు మందుల దుకాణాల్లో వాడే రకం. గుండ్రటి తల, ఇరుకు మూతి. పనిముట్లు ఇంకా సాదాసీదావి. హికరీ కర్ర పుల్లలు, వాటి కొసకు తొడిగిన చేపల గాలపు ముల్లు, ఇసుక పోయడానికి చిన్న రేకు చెంచా. గాలపు ముల్లు వంపు వల్ల ఇరుకు మూతిలోంచి లోపలికి దింపి గాజు అంచు దాకా చేర్చవచ్చు. ఒక్కో చిటికెడు ఇసుకను గాజుకు ఆనించి అమర్చి, దాని వెనక మామూలు ఇసుకను నింపి, ఒత్తుకుంటూ పోయేవాడు. బొమ్మ గాజుకు ఆనుకున్న సన్నటి పొరలోనే ఉంటుంది. లోపలి భాగం దాన్ని నొక్కిపట్టి ఉంచడానికే. జిగురు చుక్క లేదు. సీసా ఆకారాన్ని బట్టి చాలా బొమ్మలను తలకిందులుగా పేర్చాల్సి వచ్చేది. అంటే ఓడకు ముందు పొగ, తర్వాత పొగగొట్టం, ఆ తర్వాత నీళ్లు. ఎక్కడైనా చేయి వణికితే సరిదిద్దే దారి లేదు. దానిమీద పడ్డ ఇసుకంతా తీసేయాల్సిందే. పని అయ్యాక మూతి దాకా బిగించి నింపి, బిరడా కొట్టి, మైనంతో మూసేవాడు.

ఇలా అతను మిసిసిపీలో తిరిగే ఆవిరి ఓడలు పేర్చాడు. ఎగిరే జాతీయ జెండా, దాని పక్కన రెక్కలు విప్పిన డేగ, రేకు రేకునా నీడ తిరిగిన పూలగుత్తులు, గుర్రం మీద జార్జ్ వాషింగ్టన్. అక్షరాలు కూడా ఇసుకతోనే. ఫలానావారికి ఫలానావారి కానుక అని, పేరూ తేదీతో సహా, అచ్చు వేసినంత స్పష్టంగా ఉంటాయి. పెళ్లికి, పుట్టినరోజుకు, వీడ్కోలుకు చెప్పి చేయించుకునేవారు. తన తల్లి కోసం అతను చేసిన సీసా అతని గొప్ప పనుల్లో ఒకటిగా లెక్కకు వస్తుంది. కొన్ని సీసాలకు నెలలు పట్టేవి. ఓడ దిగి, రైలు దిగి వచ్చే ప్రయాణికులు ఊళ్లోని కిరాణా దుకాణంలో వాటిని కొనేవారు. ధర కొద్ది డాలర్లు మాత్రమే.

1880ల చివర్లో అతను షికాగో వెళ్లాడు. అక్కడి డైమ్ మ్యూజియం ఒకదానిలో జనం ముందు కూర్చుని పని చేసే ఒప్పందం. డైమ్ మ్యూజియం అంటే పది సెంట్ల టికెట్టు కొని వింతలు చూసే చోటు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఇది ఇసుక కాదు, లోపలి వైపు రంగు పూశాడు, లేదా జిగురుతో అంటించాడు అని వాదించేవారట. నమ్మించడానికి అతను పూర్తయిన సీసాను పగలగొట్టి, ఇసుక కుప్పగా జారిపోవడం చూపించేవాడని చెబుతారు. మాటతో వాదించే వీలులేని మనిషి తన పనిని తానే నాశనం చేసి సాక్ష్యం చెప్పుకోవాల్సి రావడం బాధాకరం. అతన్ని కళాకారుడిగా గాక, చెవులు వినపడని వింతమనిషిగా చూడటానికి జనం డబ్బు కట్టారు. ఆ అన్యాయం ఆ కాలానిది. దాని ప్రభావం మాత్రం అతని పేరును చాలాకాలం వెంటాడింది. కళాచరిత్ర పుస్తకాల్లో కాకుండా వింతల జాబితాల్లోనే ఆ పేరు చాలా ఏళ్లు ఉండిపోయింది.

1894లో, ముప్పై ఏడేళ్లకే, అతను చనిపోయాడు. అతని సీసాల్లో ఎక్కువ భాగం పగిలిపోయాయి. జిగురు లేని బొమ్మ కదా, సీసాకు పగులు వచ్చిందంటే బొమ్మ పోయినట్టే. మిగిలినవి అయోవా రాష్ట్ర చారిత్రక మ్యూజియంలోనూ, కొందరు సేకర్తల ఇళ్లలోనూ ఉన్నాయి. 2021లో అతని సీసా ఒకటి వేలంలో 9 లక్షల 56 వేల డాలర్లు పలికింది. కిరాణా కొట్టు బల్ల మీద కొద్ది డాలర్లకు దొరికిన పనికి అంత వెల వచ్చింది. డబ్బు లెక్కను పక్కన పెట్టినా, ఆ సీసాలను దగ్గరగా చూసినవాళ్లెవరూ అతన్ని హస్తలాఘవం గల గారడీవాడని అనలేరు. నీడలు తిప్పిన తీరు, అక్షరాల మధ్య దూరం, చిన్న చోటులో బొమ్మను కూర్చిన పద్ధతి, ఇవన్నీ చిత్రకారుడివి. అతన్ని చిత్రకారుల వరసలోనే నిలపాలి.

క్లెమెన్స్ చనిపోయిన పదేళ్లకు గాజు సీసా బతుకే మారిపోయింది. అప్పటిదాకా సీసాలను పనివాళ్లు నోటితో ఊది చేసేవారు. కొలిమి దగ్గర అచ్చులు పట్టుకోవడానికి, వేడి సీసాలు మోయడానికి చిన్నపిల్లల్ని పెట్టేవారు. అలా పదేళ్ల వయసులో గాజు కార్ఖానాలో పనికి చేరిన మైఖేల్ ఓవెన్స్ అనే అతనే పెద్దయ్యాక, ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో, సీసాలను వాటంతటవే తయారుచేసే యంత్రాన్ని తెచ్చాడు. 1904లో దానికి పేటెంట్ వచ్చింది. నోటితో ఊదేవాళ్ల పని క్రమంగా పోయింది, పసిపిల్లల చాకిరీ కూడా తగ్గింది. సీసా చవకైంది. ఒకసారి వాడి పారేసినా ఎవరికీ నష్టం అనిపించని వస్తువైంది. ఖాళీ సీసాతో ఏమైనా చేయడం అంతకుముందు పొదుపులో భాగం. ఆ తర్వాత అది సరదాగా, తీరిక వేళ పనిగా మారింది. ఇసుక సీసా మాత్రం కొన్ని చోట్ల తీరిక వేళ పనిగా మారకుండా కూలి పనిగానే నిలిచింది.

బ్రెజిల్ ఈశాన్య తీరంలోని సియెరా రాష్ట్రం అలాంటి చోటు. అక్కడ మొర్రో బ్రాంకో, మజోర్లాండియా ఊళ్ల దగ్గర సముద్రపు చరియలు తెలుపు నుంచి ముదురు ఎరుపు దాకా రంగులు తిరుగుతాయి. జాలరి కుటుంబాల ఆడవాళ్లు, మగవాళ్లు ఆ ఇసుకతో సీసాల్లో తమ సొంత తెరచాప తెప్పలను, కొబ్బరిచెట్లను, గుడిసెలను పేరుస్తారు. జోర్డాన్‌లోని పెట్రాలో నబాతియన్లు కొండను తొలిచి కట్టిన నగరం చుట్టూ ఉన్న ఇసుకరాయి కూడా ఇనుము, మాంగనీసు వల్ల గులాబీ, ఎరుపు, పసుపు, ఊదా చారలతో ఉంటుంది. పెట్రా, అకాబా బజార్లలో కుర్రవాళ్లు గరాటు, సన్నటి ఇనుప ఊచ పట్టుకుని కొనేవాళ్ల కళ్లముందే ఒంటెల్ని, ఎడారి దిబ్బల్ని, కొన్నవాళ్ల పేరుని సీసాలో దింపుతారు. అయితే ఇప్పుడు అమ్మే సీసాల్లో చాలావాటిలో సహజమైన ఇసుకతో పాటు రంగు కలిపినది కూడా ఉంటుంది. నీలం, ఆకుపచ్చ మెరుస్తుంటే అది రంగేనని అనుకోవచ్చు.

ఈ ఒంటెల సీసా తెలుగువాళ్లకు కొత్తది కాదు. గల్ఫ్ దేశాల బజార్లలో కూడా దీన్ని అమ్ముతారు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి దుబాయికీ, కువైట్‌కూ పనికి వెళ్లినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు తెచ్చే సామాన్లలో అత్తరు, ఖర్జూరాలు, దుప్పట్ల మధ్య గుడ్డలో చుట్టిన ఇసుక సీసా ఉండటం మామూలే. భార్య పేరో, పాప పేరో ఇంగ్లీషు అక్షరాల్లో పేర్పించి తెస్తారు. ఎండలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి ఆ ఎడారి ఇసుకనే ఇంట్లోవాళ్ల పేరుతో తెచ్చి షోకేసులో పెట్టడంలో ఉన్న ఆప్యాయత చిన్నది కాదు.

అంతకుముందు కూడా రంగుల ఇసుక తెచ్చుకునే అలవాటు మనవాళ్లకు ఉంది. రామేశ్వరం యాత్ర ముగించుకుని కన్యాకుమారి వెళ్లిన పెద్దలు అక్కడి రంగుల ఇసుక పొట్లాలు తెచ్చి ఇరుగుపొరుగుకు పంచేవారు. అమ్మవారి పెళ్లి ఆగిపోయినప్పుడు వండిన పదార్థాలన్నీ ఇసుకగా మారాయని అక్కడ చెప్పే కథ. ఆ తీరపు ఇసుకలో ఎర్రటి గార్నెట్, నల్లటి ఇల్మెనైట్ లాంటి ఖనిజాలుంటాయి. ఆ పొట్లాలు చాలా ఇళ్లలో దేవుడి గూట్లో చిన్న సీసాల్లోకి చేరేవి. వాటితో ఎవరూ బొమ్మ పేర్చలేదు గాని, రంగుల పొరలుగా పోసి పెట్టిన ఇళ్లు ఉన్నాయి.

ఖాళీ సీసాను పారేయకపోవడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. మందు సీసా మూతకు చిల్లు పెట్టి, గుడ్డ వత్తి దూర్చితే కిరసనాయిలు బుడ్డి అయ్యేది. కరెంటు లేని ఊళ్లలో పిల్లలు ఆ వెలుగులోనే చదువుకున్నారు. ఇక హార్లిక్స్ సీసా ఖాళీ అవడం కోసం ఎదురుచూసిన ఇల్లాళ్లు ఎందరో. పోపు దినుసులకు, కారానికి, కందిపొడికి అది సరైన కొలత. ఆ హార్లిక్స్‌ను తయారుచేసిన అన్నదమ్ములు 1883లో తమ మాల్టెడ్ పాలపొడికి పేటెంట్ తీసుకున్నది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో. మెక్‌గ్రెగర్ నుంచి నది దాటితే ఆ రాష్ట్రమే. క్లెమెన్స్ సీసాల్లో ఇసుక పేరుస్తున్న రోజులు, హార్లిక్స్ పుట్టిన రోజులు ఒకటే. తర్వాత ఆ పొడి మన రాజమండ్రి దగ్గర ధవళేశ్వరంలోనూ తయారైంది. ఇప్పుడు దాని డబ్బాలు ఎక్కువగా ప్లాస్టిక్‌వి కావడంతో, పాత గాజు సీసాలు మిగిలిన ఇళ్లవాళ్లు వాటిని జాగ్రత్తగా చూసుకుంటున్నారు.

తెలుగునేల మీద కూడా ఆ రెండు రకాల ఇసుకా ఉంది. గూడూరు, చిల్లకూరు, కోట ప్రాంతాల్లో తవ్వే తెల్లటి సిలికా ఇసుక గాజు పరిశ్రమలకు వెళ్తుంది. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో ఇసుక రేణువుల చుట్టూ ఇనుము పూత పట్టి ముదురు ఎరుపు తిరిగింది. ఆలమ్ బేలో, పిక్చర్డ్ రాక్స్‌లో జరిగిన రసాయన చర్యే ఇక్కడా జరిగింది. ఇసుక సీసాల కళ మాత్రం ఇక్కడ పుట్టలేదు. అయినా ముగ్గు పిండితో చుక్కలు కలుపుతూ, చేతివేళ్ల సందు నుంచి సన్నటి గీత దింపగల చేతులు ఇంటింటా ఉన్న చోట ఆ కళ రావడానికి పెద్ద అడ్డేమీ లేదు.

ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లకు కావలసింది తక్కువ. మూతి మరీ ఇరుకు కాని, రంగులేని గాజు సీసా ఒకటి తీసుకుని కడిగి, లోపల తడి చుక్క కూడా లేకుండా ఎండలో ఆరబెట్టాలి. తడి ఉంటే ఇసుక గాజుకు అంటుకుని మరకలు పడతాయి. ఇసుకను జల్లించి, ఒకే మెత్తదనం ఉన్నదే వాడాలి. సన్నది, ముతకది కలిస్తే కుదుపుకు సన్నది కిందికి జారి పొరలు చెదిరిపోతాయి. సంక్రాంతికి కొన్న ముగ్గు రంగులు మిగిలితే వాటిని సన్నటి తెల్ల ఇసుకతో కలుపుకోవచ్చు. కాగితంతో గరాటు, పాత గొడుగు ఊచ ఒకటి చాలు. రంగును గాజు అంచు వెంబడి పోసి, మధ్యలో మామూలు ఇసుక నింపుతూ, ప్రతి పొరకూ ఒకసారి ఒత్తాలి. కొత్తవాళ్లు అలల గీతలతో, కొండల వరసతో మొదలుపెడితే చేయి కుదురుతుంది. పేర్లు, పూలు తర్వాత. అన్నిటికన్నా ముఖ్యం, మూతి దాకా ఖాళీ లేకుండా నింపి, బాగా ఒత్తి, మళ్లీ నింపి మూయాలి. వేలెడు ఖాళీ వదిలినా మొదటిసారి సీసా వంచగానే బొమ్మంతా కలిసిపోతుంది. మూత చుట్టూ మైనం పోయాలి. గల్ఫ్ సీసా అయినా, ఇంట్లో చేసిన సీసా అయినా నేరుగా ఎండ తగలని చోట పెట్టాలి, ఎందుకంటే కలిపిన రంగులు వెలిసిపోతాయి.

ఇసుక కోసం ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం వెళ్లవద్దు. అవి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ వారసత్వ స్థలం. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. వానకే కోసుకుపోయే ఆ దిబ్బల నుంచి వచ్చినవాళ్లంతా చారెడు చారెడు పట్టుకుపోతే మిగిలేది ఉండదు. ఆలమ్ బేలో కూడా ఇప్పుడు చరియ ఎక్కి ఇసుక తవ్వనివ్వరు. యాత్రికులు అక్కడి దుకాణంలో గాజు సీసా కొనుక్కుని, వాళ్లు డబ్బాల్లో ఉంచిన రంగుల ఇసుకనే నింపుకుంటారు.